బ్లూరే ప్లేయర్ కొనేముందు

మీ టీవీ 32 అంగుళాలే అయితే ఆగండి. పది అడుగుల దూరంలో కూర్చుంటే డీవీడీకీ, దానికంటే స్పష్టమైన బొమ్మ ఇచ్చే బ్లూరే డిస్కుకీ తేడా పెద్దగా తెలీదు. 50 దాటితేనే పెట్టిన డబ్బుకు ఫలితం.

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్నా, ఒంగోలులో కొన్నా మీ డిస్కు పట్టుకెళ్లి అక్కడే వేయించి చూడండి. గల్ఫ్ నుంచి చుట్టాలు తెచ్చిన ప్లేయరైతే ముందు రీజియన్ (ఏ దేశాల డిస్కులు ఆడతాయో చెప్పే గుర్తు) చూడాలి. మనది సి, గల్ఫ్‌ది బి, అమెరికాది ఎ. రీజియన్ సి లాక్ ఉన్న డిస్కు బి ప్లేయర్‌లో ఆడదు. 4కె (మామూలు హెచ్‌డీకంటే ఇంకా స్పష్టమైన) డిస్కులకు ఈ తంటా లేదు.

పాత పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు తగిలిస్తే హెచ్‌డీ రానే రాదు. హెచ్‌డీఎంఐ కేబులే పెట్టాలి. 4కె అయితే టీవీలో హెచ్‌డీసీపీ 2.2 (కాపీ చేయకుండా ఆపే రక్షణ) ఉన్న పోర్టుకే. వేరే పోర్టుకు పెట్టి, బొమ్మ రాకపోతే ప్లేయర్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ.

బ్లూరేలో డేటా పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6. పైన గట్టి పూత ఉన్నా వేలిముద్ర పడితే బొమ్మ ఆగిపోవచ్చు. మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు.

కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి తగిలే కిటికీ పక్కన ప్లేయర్ పెట్టకండి.