అక్షయ తృతీయ ఆర్డర్లు: లేజర్ ఆన్ చేసే ముందు

బెంగళూరు నగరత్‌పేటలో పేర్ల లాకెట్ల ఆర్డర్లు జోరందుకున్నాయి. పని తొందరలో ఇవి మరవకండి.

కళ్లజోడు మీద 1064 అన్న అంకె ఉందో లేదో చూడండి. లోహం చెక్కే, కోసే మన ఫైబర్ లేజర్ కిరణం తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, కంటికి కనిపించదు. బంగారం, వెండి దాన్ని అద్దంలా తిప్పికొడతాయి. రెటీనా కాలితే పోయిన చూపు తిరిగి రాదు. యాక్రిలిక్ కోసే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ మెషీన్ కళ్లజోడు దీనికి పనికిరాదు. పక్కన నిలబడి పని నేర్చుకునే కుర్రాడికీ ఒకటి ఇవ్వండి, దయచేసి.

పేరు కస్టమర్ చేతే కాగితం మీద రాయించుకోండి. ఫాంటును అవుట్‌లైన్‌గా, అంటే అక్షరాలను గీతల బొమ్మగా, మార్చకపోతే మెషీన్‌లో ఒత్తులు విడిపోతాయి. పోయినేడు నా దగ్గరే ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అయింది. రేకు మళ్లీ కరిగించాం. ఆ అమ్మాయి నిశ్చితార్థానికి లాకెట్ అందలేదు, ఆ బాధ ఇంకా ఉంది.

హాల్‌మార్క్ మీద చెక్కకండి. అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు కోడ్) చెరిగితే స్వచ్ఛతకు ఆధారమే పోతుంది.

పూత నగైతే ముందే చెప్పేయండి, చెక్కినచోట పూత పోయి లోపలి లోహం బయటపడుతుంది.

ఇత్తడి కోసిన ట్రే తుడవకుండా బంగారం పెట్టకండి. రెండు పొడులూ కలిస్తే తరుగు లెక్క తేలదు.

పొగ లాగే ఫ్యాన్ ముందు వేయండి, మెషీన్ తర్వాత.