విజయవాడ డాబా మీద ఉక్రెయిన్ టమాటా: నారు నుంచి విత్తనం దాకా

విజయవాడలో ఉక్రెయిన్ టమాటాలు పండుతాయా అని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది నెలల లెక్క. ఉక్రెయిన్ దక్షిణాన, నల్ల సముద్రం వైపు ఉన్న ఖేర్సోన్, మికొలాయివ్ ప్రాంతాలు టమాటాకీ పుచ్చకాయకీ పేరుపడ్డవి. అక్కడ జూలైలో పగలు 30 డిగ్రీల దగ్గర, రాత్రి 17, 18 దగ్గర ఉంటుంది. మనకు ఆ వాతావరణం వచ్చేది సంక్రాంతి రోజుల్లో. వాళ్ల జూలై మన జనవరి అన్నమాట. పూతా పిందే ఆ చల్లటి రాత్రుల్లోకి వచ్చేలా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఎందుకంటే టమాటా పువ్వుకు పగటి ఎండ కంటే రాత్రి వేడే పెద్ద శత్రువు. రాత్రి 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే పిందె బాగా కడుతుంది. రాత్రి 24 దాటి, పగలు 35 దాటుతుంటే పుప్పొడి పనికిరాకుండా పోయి, పువ్వు కాడ దగ్గర పసుపు తిరిగి రాలిపోతుంది. వేడికి తట్టుకునే హైబ్రిడ్‌లు కొంత నెట్టుకొస్తాయి కానీ ఈ ఉక్రెయిన్ పాత రకాలకు ఆ ఓర్పు లేదు. మార్చిలో నారు పోసి, మే నెలలో పూత రాలిపోతోందని బాధపడితే లాభం లేదు. ఎరువు వేసినా, మందు కొట్టినా ఆ పూత నిలవదు.

అందుకే ఉత్తర కార్తెలో, సెప్టెంబర్ 15 తర్వాత నారు పోస్తాను. చిత్త కార్తెలో, అక్టోబర్ 20కి అటూ ఇటూగా కుండీల్లోకి మారుస్తాను. నవంబర్ చివర పూత, జనవరిలో మొదటి పండు. మాఘమాసం అంతా కోసుకోవచ్చు. శివరాత్రి దాటాక చెట్టు మీద ఆశ పెట్టుకోను.

ఏ రకాలు

మొదటిసారి పెట్టేవాళ్లు బ్లాక్ క్రిమ్‌తో మొదలుపెట్టండి. క్రిమియా ద్వీపకల్పం పేరు మీద ఉన్న రకం ఇది. 1990లో స్వీడన్‌లోని ఒక విత్తన సేకరణకర్త దీన్ని అమెరికాలో విత్తనాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లకు అందించాక లోకమంతా తిరిగింది. కాయ కొంచెం బల్లపరుపుగా, పెద్దగా, ముచ్చిక చుట్టూ ఆకుపచ్చ భుజాలతో ఉంటుంది. పండాక ఎర్రగా కాదు, ముదురు గోధుమ ఎరుపులోకి తిరుగుతుంది. మామూలు టమాటా పండేటప్పుడు ఆకుపచ్చ పూర్తిగా పోతుంది. దీనిలో అది పోకుండా కొంత మిగిలి, ఎరుపుతో కలిసి ఆ రంగు వస్తుంది. కోస్తే లోపల గింజల చుట్టూ ఉన్న గుజ్జు పచ్చగానే కనబడుతుంది, అది పండలేదని అనుకోకండి. నాలుక మీద పెట్టగానే కాస్త ఉప్పదనం తగులుతుంది, పులుపు తక్కువ.

ఉక్రేనియన్ పర్పుల్ పొడుగు కాయ, కండ ఎక్కువ, కూరకి బాగుంటుంది. కాస్మొనాట్ వోల్కోవ్ గుండ్రటి ఎర్ర కాయ. 1971లో సోయుజ్ 11 ప్రమాదంలో చనిపోయిన వ్యోమగామి వ్లాదిస్లావ్ వోల్కోవ్ పేరు పెట్టారు. ద్నిప్రో ప్రాంతం నుంచి వచ్చిన రకమంటారు. మూడూ తీగలాగా పైకి పాకుతూనే ఉండే రకాలే, కాబట్టి ఊతం లేకుండా కుదరదు.

విత్తనం ఎక్కడ దొరుకుతుందంటే, బ్లాక్ క్రిమ్‌ను మన దేశంలోనే అమ్మేవాళ్లున్నారు. వాళ్ల దగ్గరే కొనండి. బయటి దేశం నుంచి కవర్లో పెట్టి పంపించమని బంధువులని అడగకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విత్తనం దిగుమతికి అనుమతి పత్రం, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువీకరణ ఉండాలి. ఇది ఉత్త కాగితాల గొడవ కాదు. టమాటాకు వచ్చే కొన్ని వైరస్‌లు గింజ పైపొర మీదే ప్రయాణం చేస్తాయి, మన మదనపల్లె రైతుల పొలాల్లోకి అలాంటిది మనం తెచ్చిపెట్టకూడదు.

మా అక్క కొడుకు ఒడెసాలో మెడిసిన్ చదువుతూ 2022లో యుద్ధం మొదలయ్యాక ఇంటికొచ్చేశాడు. ఆగస్టులో అక్కడి బజారులో టమాటాలు గుట్టలు పోసి ఉంటాయని, వాటిని దోసకాయతో కలిపి పొద్దుతిరుగుడు నూనె పోసుకుని తింటారని, చలికాలానికి సీసాల్లో ఉప్పునీళ్లలో ఊరబెడతారని చెబుతుంటాడు. "పిన్నీ, ఆ రుచి ఇక్కడ రాదు" అనేవాడు. జనవరిలో మా డాబా మీద బ్లాక్ క్రిమ్ ముక్క ఉప్పు చల్లి ఇచ్చాను. రెండో ముక్క వాడే కోసుకున్నాడు. 2023 జూన్ 6న అక్కడ ద్నీపర్ నది మీద ఉన్న కఖోవ్కా డ్యామ్ ధ్వంసమయ్యాక కింద ఊళ్లు మునిగాయి, పైన కాలువలు ఎండిపోయాయి. ఖేర్సోన్ పొలాలకు నీళ్లిచ్చిన జలాశయమే ఖాళీ అయింది. ఆ మరుసటి ఏడాదే మనకు బుడమేరు వాగు వరద వచ్చింది. సింగ్‌నగర్‌లో నీళ్లు తగ్గాక తోటలు ఎలా ఉన్నాయో చూసినదాన్ని కాబట్టి, ఒక రకం ఒక్కచోటే ఉండకూడదని గట్టిగా అనిపిస్తుంది.

నారు, నాటు

కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్ట్ సమంగా కలిపి ప్రోట్రేలో, అంటే నారు పెంచే గుంటల ట్రేలో నింపి, గుంటకొక గింజ, పావు అంగుళం లోతున వేయండి. సెప్టెంబర్ వేడికి వారంలోపే మొలుస్తాయి. ట్రే మీద సన్నకన్ను నైలాన్ వల కప్పడం మాత్రం మానకండి. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ నారు దశలో తగిలితే ఆ మొక్క ఇక కాయదు. నాలుగైదు ఆకులు వచ్చాక నాటుకోవచ్చు. కింది ఆకులు తుంచేసి కాండం సగం దాకా మట్టిలో పాతిపెట్టండి. పాతిన కాండం పొడుగునా వేళ్లొస్తాయి.

కుండీ విషయంలో పిసినారితనం పనికిరాదు. పెయింట్ బకెట్ సరిపోదు. ఇవి పెద్ద చెట్లు, కనీసం 40 లీటర్ల గ్రో బ్యాగ్ కావాలి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి. నల్లరేగడి వద్దు, అది వాన పడితే నీళ్లు పట్టేసి వేళ్లను కుళ్లబెడుతుంది. బ్యాగులను నేరుగా గచ్చు మీద కాకుండా ఇటుకల మీద పెట్టండి, డాబా వేడి వేళ్లకు తగలదు. నీళ్లు రోజూ పొద్దున్నే, ఒకే కొలతలో. ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచెత్తితే కాయ పగులుతుంది, లేదా అడుగున నల్లగా కుళ్లుతుంది. ఆ నల్ల మచ్చ చాలాసార్లు తెగులు కాదు, నీళ్లు సరిగ్గా అందక కాయకు కాల్షియం చేరకపోవడం.

ఆరడుగుల సర్వీ కర్ర, జనపనార తాడు. రెండు కాండాలు ఉంచి మిగతా పక్క పిలకలు తీసేస్తాను. చల్లటి దేశాలవాళ్లు ఒక్క కాండమే ఉంచి ఆకులు కూడా తగ్గిస్తారు, మన ఎండకు అలా చేస్తే కాయ మీద తెల్లటి మంట మచ్చలు పడతాయి. తుపాన్ల కాలం కూడా ఇదే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, సరిగ్గా పూత మీద ఉన్న సమయం. కాబట్టి కర్రలను పిట్టగోడకు కట్టేయండి, గాలి హెచ్చరిక వస్తే బ్యాగులన్నీ ఒక మూలకు చేర్చండి.

తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె కాస్త సబ్బునీళ్లతో కలిపి సాయంత్రం పూట. ఆకుముడత వచ్చిన మొక్కను జాలిపడి ఉంచకండి, పీకేసి కవర్లో కట్టి పడేయండి. మొక్క పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వాలిపోతే కాండం మొదట్లో ఒక ముక్క కోసి గాజు గ్లాసులో మంచినీళ్లలో వేలాడదీయండి. రెండు మూడు నిమిషాల్లో కోసినచోటు నుంచి పాలలాంటి తెల్లటి దారం కిందికి జారితే అది బాక్టీరియా వడలు తెగులు. ఆ మట్టిలో టమాటా, వంగ, మిరప మళ్లీ పెట్టొద్దు.

విత్తనానికి ఏ పువ్వు

టమాటా తనకు తానే పరాగం పడే మొక్క. కానీ పెద్ద కాయల పాత రకాల పువ్వును దగ్గరగా చూడండి. మామూలు పువ్వులో పసుపు గొట్టం లోపలే కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే మొన, దాగి ఉంటుంది. వీటిలో కొన్నిసార్లు ఆ ఆకుపచ్చ మొన గొట్టం దాటి బయటికి పొడుచుకొస్తుంది. రెండు మూడు పువ్వులు అతుక్కుపోయి పుట్టిన లావు పువ్వుల్లో ఇది మరీ ఎక్కువ. అలా బయటికొచ్చినదాని మీద నల్ల తుమ్మెద వాలితే పక్క రకం పుప్పొడి కలిసిపోతుంది. ఆ గింజ వచ్చే ఏడాది మరో కాయను చూపిస్తుంది.

అందుకని విత్తనానికి ఒంటి పువ్వుల గుత్తినే ఎంచుకుని, మొగ్గలు విచ్చకముందే సంచి తొడగండి. పేరంటాల్లో తాంబూలం పెట్టిచ్చే చిన్న నెట్ సంచులుంటాయి చూడండి, దారం లాగితే మూతి ముడుచుకునేవి. ఇంతకంటే మంచి పరికరం నాకు దొరకలేదు. వన్‌టౌన్‌లో డజన్ల లెక్కన దొరుకుతాయి. పొద్దున ఎనిమిదీ తొమ్మిదీ మధ్య ఊత కర్రను వేలితో నాలుగుసార్లు తట్టండి, పుప్పొడి దులుపుకుంటుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక సంచి తీసి, ఆ కాడకు ఎర్ర దారం కట్టండి. ఇంట్లో ఎవరూ దాన్ని పప్పులోకి కోయరు.

కాయను బట్టి కాదు, చెట్టును బట్టి ఎంచుకోండి. ఏ తెగులూ సోకనిది, రకానికి తగ్గ ఆకూ కాయా ఉన్నది, పిందె బాగా నిలిచినది. ఒక్క చెట్టు కంటే నాలుగైదు చెట్ల గింజ కలిపితే మేలు. ఏటా గింజ కడితే రకం మన ఊరికి అలవాటు పడిపోతుందని చాలామంది చెబుతారు. నేను అంత గట్టిగా చెప్పను. తనలో తానే పరాగం పడే పాత రకంలో మొక్కకూ మొక్కకూ తేడా చాలా తక్కువ, కాబట్టి మార్పు కూడా తక్కువే. మనకు నిజంగా దక్కేది తెగులు లేని తాజా గింజ, పేరుకు తగ్గ గింజ. అది చిన్న విషయం కాదు.

గింజ తీయడం

కాయ తినే పాకం దాటి బాగా మెత్తబడనివ్వండి, కుళ్లకూడదు. అడ్డంగా కోస్తే గదులు తెరుచుకుంటాయి. గుజ్జుతో సహా గాజు సీసాలోకి పిండి, చారెడు నీళ్లు పోసి, పైన పల్చటి గుడ్డ కట్టి, సీసా మీద రకం పేరు అప్పుడే రాయండి. గింజ చుట్టూ ఉన్న జిగురు మొలకను ఆపే పదార్థం. కాయలోపలే మొలిచిపోకుండా ప్రకృతి పెట్టిన కాపలా. పులియబెడితే అది కరిగిపోతుంది.

చల్లటి దేశాలవాళ్లు మూడు నాలుగు రోజులు ఉంచమంటారు. విజయవాడలో ఫిబ్రవరిలో అంతసేపు ఉంచితే గింజలు సీసాలోనే తోకలు వేస్తాయి. ఒకటిన్నర రోజుకు చూడండి. పైన తెల్లటి పొర కట్టి, బుడగలొచ్చి, పుల్లటి వాసన వేస్తుంటే రెండు వేళ్ల మధ్య ఒక గింజను నలిపి చూడండి. జారిపోకుండా సన్నటి నూగు గరుగ్గా తగిలితే అయిపోయినట్టే. నీళ్లు పోసి కలపండి, మంచి గింజ అడుగుకు దిగుతుంది, తాలు పైకి తేలుతుంది. పైది ఒంపేసి, టీ వడపోతలో వేసి కుళాయి కింద నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

పింగాణీ పళ్లెంలో ఒకే పొరగా పరచండి. పేపర్ మీద ఆరబెడితే అతుక్కుని ఊడిరావు. ఎండలో పెట్టకండి, నీడలో ఫ్యాన్ కింద చాలు. మొదటిరోజు రెండుమూడుసార్లు చేత్తో నలిపి ఉండలు విడదీయండి. నాలుగైదు రోజులకు గింజ వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు అవుతుందని, దాచినచోటు వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు అని విత్తనశాస్త్రంలో హారింగ్టన్ సూత్రం ఉంది. మన వానాకాలం గాలి తేమకు ఇదే మందు. కాగితం పొట్లంలో కట్టి, సిలికా జెల్ పొట్లాలతో బిగుతు మూత సీసాలో వేసి, ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. ఇలా ఉంచితే నాలుగైదేళ్లు నిశ్చింతగా మొలుస్తాయి. సీసా బయటికి తీసిన వెంటనే మూత తీయకండి. రాత్రంతా బయట ఉంచి పొద్దున తీయండి, లేకపోతే చల్లటి గింజ మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది.

పొట్లం మీద రకం, గింజ తీసిన నెల, సంవత్సరం, ఎన్ని చెట్ల గింజో రాయండి. ఎవరికైనా ఇస్తే ఇవన్నీ రాసే ఇవ్వండి. పేరు తెలియని గింజతో ఎవరికీ ఉపయోగం లేదు. ఆగస్టు చివర్లో పది గింజలు తడిగుడ్డలో చుట్టి మూతపెట్టిన డబ్బాలో వారం ఉంచి చూడండి. ఎనిమిది మొలిస్తే గుంటకొకటి చాలు. ఐదు మొలిస్తే గుంటకు రెండు వేయండి. అంతకంటే తగ్గితే ఉన్న గింజంతా ఈ ఏడే పోసేసి, కొత్త గింజ కట్టుకోండి.