వాలుగ చేప కొంటాండారా, ముందు తల చూడండి

పోయిన నెల రోడ్డు పక్కన ముక్కలు కొట్టి పెట్టింటే వాలుగే అన్నా అంటే నమ్మి కేజీ తెచ్చినా, తీరా వండితే ఉత్త కొవ్వు, బురద వాసన, మా అమ్మ ఒక్క ముక్క నోట్లో పెట్టుకొని ఇది వాలుగ కాదురా అనేసింది. అప్పట్నుంచి నేను తల ఉన్న చేపే తీసుకుంటాండా, ముక్కలు కండ్ల ముందరే కొట్టించుకుంటా.

మన కర్నూలుకు వాలుగ సుంకేసుల బ్యారేజీ వైపు నుంచి, శ్రీశైలం బ్యాక్‌వాటర్ నుంచి వస్తాది. ముందు నోరు చూడండి, చీలిక కన్ను దాటి వెనక్కి పోయుంటాది, ఏట్లో మిగతా చేపల్ని మింగేది ఆ నోటితోనే కదా. మీసాలు నాలుగే, పైన రెండు బాగా పొడుగు, గదవ కింద రెండు పొట్టివి. వీపు మీద రెక్క పేరుకు చిన్నది, కింద రెక్క మాత్రం తోక దాకా సాగుతాది, పొలుసు అస్సలుండదు. ఎనిమిది మీసాలుండి, తల గట్టిగా చప్పిడిగా ఉండి, వీపంతా రెక్క ఉంటే అది వాలుగ కాదు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయ్యుండొచ్చు, దాన్ని పెంచడమే మన దేశంలో నిషేధం, వద్దనేయండి. నోరు చిన్నదిగా ఉండి వీపు రెక్కకు ముల్లుంటే పంగాసియస్, తినొచ్చు గానీ దానికి వాలుగ రేటు ఎందుకిస్తారు?

వాలుగ తొందరగా పాడవుతాది, అందుకే కండ వేలితో నొక్కితే గుంట నిలబడకూడదు, చెవులు, అంటే మొప్పలు, ఎర్రగా ఉండాల. వానాకాలం గుడ్లు పెట్టే టైము, అప్పుడు నేనైతే కొనను, ఏర్లలో ఇప్పటికే తగ్గిపోయిందీ చేప.

ఇంటికి తెచ్చినాక జిగురు పోవాలంటే కల్లుప్పు, పసుపు, చింతపండు పిప్పి వేసి గట్టిగా రుద్ది మూడు నీళ్లు కడగండి, పొట్ట లోపలి పొర గీకేయండి. పులుసుకు ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ధనియాలు, జీలకర్ర నూరి నూనెలో వేయించి, కారం, చింతపండు రసం పోసి బాగా మరిగినాకనే ముక్కలు వేయాల, ముందే వేస్తే విడిపోతాయి, దీని కండ మెత్తన. గంటె పెట్టొద్దు, గుడ్డతో చట్టి అంచులు పట్టుకొని తిప్పితే చాలు. పది పన్నెండు నిమిషాల్లో దించేయొచ్చు, కానీ ఆ పూటే తినేయొద్దు, రాత్రి చేసి పొద్దున సంగట్లోకి పోసుకోండి, పులుపు ముక్కలోకి దిగుంటాది.