కొండ దిగేటప్పుడు తొడలు వణుకుతున్నాయా? ముందు ఇది చూసుకోండి

చాలారోజుల తర్వాత కొండ నడకకు దిగినవాళ్లు బూట్లు మారుస్తారు, మోకాలికి పట్టీ కొంటారు. నేను అడిగేది ఒక్కటే: ఈ రెండు నెలల్లో ఎన్ని మెట్లు దిగారు? దాదాపు ఎవరూ లెక్క చెప్పలేరు.

సమస్య: ఎక్కేటప్పుడు ఆయాసం
చాలాసార్లు వేగం ఎక్కువవడమే కారణం. పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కగలిగేంత నెమ్మదించండి.

సమస్య: ఎక్కడం బాగానే ఉంది, దిగేటప్పుడు తొడలు వణుకుతున్నాయి
నేను దెబ్బతిన్నది ఇక్కడే. కర్నూలులో రోజూ పొద్దున్నే గ్రౌండులో గంటన్నర నడిచి, ఆ ధైర్యంతో శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి శ్రీశైలం అడవిదారి పట్టాను. పెచ్చెరువు దాకా హాయిగా ఉంది. లోయలో ఉన్న భీముని కొలనుకు దిగుతుంటే సగంలోనే తొడలు పట్టు తప్పాయి. రాతి మీద పాదం ఆనించగానే మోకాలు దానంతటదే మడతపడేది. అవతల కైలాసద్వారం మెట్లు మాత్రం ఎక్కేశాను. మర్నాడు సత్రం ముందున్న మూడు మెట్లు గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చింది.

కారణం
ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువుకు బ్రేకు వేయాలి. అలవాటు లేకపోతే ఆ సాగుడుకే లోపల సన్నని చిరుగులు పడతాయి, నొప్పి రెండో రోజు ముదురుతుంది. చదును నేల మీద ఎంత నడిచినా ఈ పని కండరానికి అలవాటు కాదు.

పరిష్కారం
ఇంటి మెట్టు చాలు. ఒంటికాలిమీద నిలబడి, రెండో మడమ కింది మెట్టుకు తాకేదాకా మూడు లెక్కపెడుతూ దిగండి. కాలికి పది చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. మొదటివారం ఇందులో సగమే చేయండి. అపార్ట్‌మెంటులో ఉంటే లిఫ్టులో ఎక్కి మెట్లు దిగండి. మూడోవారం నుంచి వారానికోసారి గుత్తి కోటకో పెనుకొండకో వెళ్లండి, సంచిలో రెండు లీటర్ల నీళ్లతో. ఒకసారి బాగా దిగిన కండరానికి కొన్ని వారాలదాకా మళ్లీ అంత నొప్పి రాదు. అందుకే చివరి పెద్ద దిగుడు ప్రయాణానికి వారం పదిరోజుల ముందే ముగించండి. దారిలో చిన్న అడుగులు వేయండి, చేతికర్ర వదలకండి.

ఇక మిగతా ఇబ్బందులు. కాలిగోళ్లు నల్లబడితే బూట్లు కాలికి సరిపోలేదన్నమాట. మోకాలు వాచి, చాపలేకుండా ఇరుక్కుపోతే ఎముకల డాక్టరుకు చూపించండి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి.