రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తుంటే

మా నాన్నకి రాత్రి రెండింటికే మెలకువ. ఇక తెల్లారే దాకా మంచం మీద దొర్లడమే. పగలేమో పేపరు చేతిలో ఉండగానే కునుకు.

ఇప్పుడు రాత్రి నిద్ర బాగా పట్టాలని ఎండ చల్లబడ్డాక, ఐదున్నర ప్రాంతంలో మా విజయనగరం అయోధ్య మైదానంలో నడుస్తున్నారు. అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగం చాలు (విజయనగరంలో నడకకి తోడు దొరక్కపోవడం అంటూ ఉండదు). ఒకేసారి కష్టమైతే పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. వారంలో రెండు రోజులు గోడకి ఆనించిన కుర్చీలోంచి చేతులు ఊతం పెట్టకుండా పదిసార్లు మెల్లగా లేచి కూర్చోవడం. తూలితే కుర్చీ చెయ్యి పట్టుకోవచ్చు. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి, అదీ మూడింటి లోపే. ఏడింటికల్లా నడక ముగించాలి. పడుకోబోయే ముందు చెమట పట్టేలా చేస్తే కొందరికి నిద్ర ఇంకా వెనక్కి పోతుంది.

రెండు రోజుల్లో తేడా రాదు, కొన్ని వారాలు పడుతుంది. అయితే గురక మధ్యలో ఊపిరి ఆగినట్టవుతున్నా, మూత్రానికి పదేపదే లేవాల్సి వస్తున్నా అది నడకతో తీరేది కాదు, డాక్టరుకి చూపించాలి.