నాలుగో తూటా పక్కకు పోతుంటే: బ్యారెల్ రాపిడి పోగొట్టిన తీరు

నా రైఫిల్‌తో వరసగా కాలిస్తే మొదటి మూడు తూటాలు ఒకేచోట తగులుతున్నాయి, నాలుగోదాని నుంచి దెబ్బ కుడిపక్కకు జరుగుతోంది. స్కోప్ (గురి చూసే దుర్భిణి) రింగు స్క్రూలు బిగుతుగానే ఉన్నాయి. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని చూసుకుని, బ్యారెల్‌కీ చెక్క స్టాక్‌కీ (రైఫిల్‌ను పట్టుకునే భాగం) మధ్య కాగితం జారిస్తే ముందు కొసన ఎడమపక్క ఇరుక్కుంది. అక్కడి పాలిష్ అరిగి అద్దంలా మెరుస్తోంది. బ్యారెల్ వేడెక్కే కొద్దీ ఆ చోటే దాన్ని నెడుతోందన్నమాట.

గుండ్రటి కర్రకు 120 నంబరు గరుకు కాగితం చుట్టి, మడత పెట్టిన కాగితం కూడా సాఫీగా జారేదాకా రుద్దాను. బయటపడ్డ చెక్కకు వార్నిష్ తప్పనిసరి. లేదంటే తేమకు ఉబ్బి మళ్లీ తగులుతుంది.

యాక్షన్‌ను (తూటాను ఎక్కించి పేల్చే లోహ భాగం) స్టాక్‌కు పట్టి ఉంచే స్క్రూలను టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే రెంచ్) మార్చిమార్చి 4.5 న్యూటన్ మీటర్లకు తెచ్చాను. అల్యూమినియం దిమ్మ ఉన్న స్టాక్‌కైతే 7 దాకా పడుతుంది. ఉత్త చెక్కకు అంత బిగిస్తే నలిగిపోతుంది, యాక్షన్ వంగుతుంది. పరీక్షకు ఒక్క గ్రూపు (ఒకే గురికి వరసగా కాల్చిన తూటాల గుంపు) చాలదు, అయిదేసి తూటాలతో కనీసం మూడు కాల్చాలి.