నీటి తలతన్యతను ఇంట్లోనే ఎలా పరిశీలించాలి?

గాజు గ్లాసు, వెడల్పాటి గిన్నె, గుండుసూదులు, సన్నని కుట్టుసూది, టిష్యూ కాగితం, మిరియాల పొడి, గిన్నెలు తోమే ద్రవం ఉంటే చాలు. అయితే వీటన్నిటికంటే ముఖ్యం శుభ్రత. అనంతపురంలో వేరుశనగ నూనె తగలని గిన్నె వంటింట్లో దొరకడం కష్టం. ఆ జిడ్డు గానీ, తోమిన సబ్బు గానీ లేశమంత మిగిలినా ప్రయోగం చెడుతుంది కాబట్టి, పాత్రలను నాలుగైదుసార్లు తొలిచి, లోపలివైపు వేళ్లతో తాకకుండా బోర్లించండి.

ముందుగా గ్లాసును అంచు వరకు నింపి, గుండుసూదులను ఒక్కొక్కటిగా, మొన ముందు నీటిని తాకేలా జారవిడవండి. ఎన్నో సూదులు పట్టినా నీరు పొర్లదు. కంటిని అంచుకు సమానంగా ఉంచి చూస్తే నీరు అంచును దాటి ఉబ్బి కనిపిస్తుంది. లోపలి నీటి అణువులను చుట్టూ ఉన్న అణువులు అన్ని వైపులా లాగుతుండగా, పైపొరలోని వాటికి పైన నీరు లేనందున లోపలికే లాగుడు ఎక్కువై, ఆ పొర వీలైనంత కుంచించుకోవాలని చూస్తుంది. ఇదే తలతన్యత. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటికి దీని విలువ మీటరుకు సుమారు 72.8 మిల్లీన్యూటన్లు, నీరు వేడెక్కేకొద్దీ తగ్గుతుంది.

తరువాత గిన్నెలో నీరు పోసి, చిన్న టిష్యూ ముక్కను పరచి, దానిపై పొడి సూదిని అడ్డంగా పెట్టండి. కాగితం నాని మునిగిపోతుంది; మునగకపోతే పుల్లతో దాని అంచులను మెల్లగా కిందికి నొక్కండి. నీటికంటే సుమారు 7.8 రెట్లు సాంద్రత గల ఉక్కు సూది పైనే నిలుస్తుంది. దాని కింద నీరు చిన్న గాడిలా కుంగుతుంది. గిన్నెను కిటికీ ఎండలో పెడితే, అడుగున పడే నీడ సూదికంటే లావుగా, అంచులు మెరుస్తూ కనిపిస్తుంది. నాకు అన్నిటిలోకీ ఇష్టమైన దృశ్యం ఇదే.

మరో గిన్నెలో నీటిపై మిరియాల పొడి చల్లి, తోమే ద్రవంలో ముంచిన పుల్లను మధ్యలో తాకించండి. అక్కడ తలతన్యత తగ్గగానే, చుట్టూ ఉన్న బలమైన పొర పొడిని అంచులకు లాగేస్తుంది. మన బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే మామూలు సబ్బు తెట్టుకట్టి సరిగా పనిచేయకపోవచ్చు కనుక తోమే ద్రవమే వాడండి.

జర్మనీకి చెందిన ఆగ్నెస్ పోకెల్స్ తలతన్యతపై ఇలాంటి మలినాల ప్రభావాన్నే ఇంట్లో పరిశీలించి బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి లేఖ రాయగా, అది 1891లో నేచర్ పత్రికలో అచ్చయింది.

చివరగా సూది గిన్నెలోనూ ఒక చుక్క ద్రవం వేయండి. సూది అడుగుకు చేరుతుంది. మళ్లీ తేల్చాలంటే ఆ నీరు పారబోసి, గిన్నెతోపాటు సూదిని కూడా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి.